పల్స్ చెదరలేదురా!

ఎడిన్‌బరో,
శుక్రవారం రాత్రి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, కానివ్వు. ఇక్కడంతా బాగానే ఉంది, స్టైపెండ్ వచ్చింది, ఆవకాయ అయిపోయింది. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్కటి నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాలిటాన్‌ని చూశాన్రా! అదే, ఎంత దూరం పోయినా ఆకారం చెదరని ఒంటరి అల, ఇక్కడ కాంతి అల. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో కాదు, నిజం గాజు ఫైబర్‌లో.

సగం నీకు తెలుసు, అయినా విను. కాంతి పల్స్‌లో, అంటే రెప్పపాటు కంటే చిన్న మెరుపులో, ఒకే రంగు ఉండదు. 1550 నానోమీటర్ల దగ్గర మామూలు ఫైబర్‌లో నీలం వైపువి (కంటికి కనిపించే నీలం కాదులే, తరంగదైర్ఘ్యం తక్కువవి) ముందుకు ఉరుకుతాయి, ఎరుపు వైపువి వెనకబడతాయి. పల్స్ పరుచుకుపోతుంది. అదే కాంతి బాగా తీవ్రంగా ఉంటే గాజు వక్రీభవన గుణకమే (గాజులో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే లెక్క) కాస్త మారుతుంది. అప్పుడు పల్స్ ముందు అంచు రంగు ఎరుపు వైపుకి, వెనక అంచు రంగు నీలం వైపుకి జరుగుతాయి. అంటే ముందున్నది నెమ్మదిస్తుంది, వెనకున్నది అందుకుంటుంది. తిరుమల మెట్ల మీద మనలాగే! మోకాళ్ళ పర్వతం దగ్గర నీ స్పీడెందుకు పడిపోయిందో, నాకెక్కడి ఓపిక వచ్చిందో... ఆ పెరుగన్నం పొట్లం సంగతి మనిద్దరికే తెలియాలి.

సరే. ఒక పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) పల్సులు, 200 మీటర్ల ఫైబర్ చుట్ట, చివర పల్స్ వెడల్పు కొలిచే ఆటోకోరిలేటర్. పవర్ తక్కువ పెడితే ఎనిమిది తొమ్మిది రెట్లు వెడల్పై బయటికొచ్చింది. మెల్లగా పెంచాను. సన్నబడింది. ఇంకాస్త పెంచాను. ఇంకా సన్నబడింది. పీక్ పవర్ 50 వాట్ల దగ్గరికి వచ్చేసరికి, లోపలికి ఎంత వెడల్పుతో వెళ్ళిందో అంతే వెడల్పుతో వచ్చేసింది! ఖాళీ ల్యాబ్‌లో ఒక్కణ్ణే "అబ్బో!" అని అరిచాను. నువ్వుంటే "ఏమైంది నారాయణా" అనేవాడివి, ఆ గొంతుతోనే.

ఇలా జరుగుతుందని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో హసెగావా, టాపర్ట్ 1973లోనే లెక్కగట్టి చెప్పారు. సరైన లేజర్ లేక ప్రయోగం 1980 దాకా ఆగింది. మోలెనార్, స్టోలెన్, గోర్డన్ 700 మీటర్ల ఫైబర్‌లో 7 పికోసెకన్ల పల్సులతో చూపించారు. ఏడేళ్ళురా! మా గైడు ఒక గ్రాఫు కోసం ఏడు రోజులు ఆగడు. 1988లో మోలెనార్, స్మిత్ 42 కిలోమీటర్ల చుట్టలోనే తిప్పి తిప్పి 4,000 కిలోమీటర్లు దాటించారు. దారిలో తగ్గిన కాంతిని రామన్ ప్రభావంతో, అంటే ఇంకో లేజర్ కాంతి శక్తిని పల్సుకి మళ్ళించి, పూడ్చారు. అవును, మన సి.వి. రామన్ పేరిటిదే. అది చదివినప్పుడు నాకెందుకో కాలర్ ఎగరేయాలనిపించింది.

"మరి మన ఇంటర్నెట్ మోసే దూరపు కేబుళ్ళలో ఇది లేదేం?" అంటావు, తెలుసు. ఆంప్లిఫైయర్ల నాయిస్‌కి సాలిటాన్ రంగు కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, దాంతో చేరే సమయం తప్పుతుంది. గోర్డన్, హౌస్ 1986లోనే తేల్చిన తంటా అది. ఆ తర్వాత పరుచుకున్న పల్సుని రిసీవర్‌లో చిప్పులే లెక్కగట్టి సర్దేయడం మొదలైంది. చవకగా పనైపోతే అందం ఎవడిక్కావాలి? నాకు మాత్రం కడుపు మండింది.

అన్నట్టు, 1834లో స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు గుర్రమెక్కి, నీళ్ళలో చెదరకుండా పోతున్న ఒంటరి అలని తరిమిన యూనియన్ కాలువ ఈ ఊళ్ళోదే. ఆదివారం వెళ్ళి... అయ్యో, సెక్యూరిటీ అతను తాళాలు ఆడిస్తున్నాడు. రెండు సాలిటాన్లు ఎదురుపడి ఢీకొంటే ఏమవుతుందో ఆలోచించి రాయి, గూగుల్ చూడకు. ఆవకాయ పంపు.

నీ
నారాయణ