వార్షిక నివేదిక 2025–26: రెజ్లింగ్ రాత్రుల గురించి కాస్త ఎక్కువగా

మన గే సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, కౌన్సెలింగ్ సాయం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు రెజ్లింగ్ రాత్రులకే ఇస్తున్నాను. ఏడాదంతా మనవాళ్లు మనసు విప్పి మాట్లాడుకున్నది అక్కడే.

2025 ఏప్రిల్‌లో అమెరికా రెజ్లింగ్ షో డబ్ల్యూడబ్ల్యూఈ మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌కి మారాక, ఒక సభ్యుడి ఇంట్లో కలిసి చూడటం మొదలుపెట్టాం. "మనకి ఈ కొట్లాటలేంటి?" అని కమిటీలోనే నవ్వారు. మొదటి రాత్రే ఒకతను రెజ్లర్ల బొమ్మలు, కొలతలు ఉండే చిన్నప్పటి ట్రంప్ కార్డులు తెచ్చాడు. మూలలు అరిగిపోయిన కట్ట, రబ్బరు బ్యాండు వేసి ఉంది. మిగతా పిల్లలు ఛాతీ, బైసెప్స్ కొలతలు గెలవడానికి చదివేవాళ్లట, ఇతను మాత్రం ఆట అయిపోయాక కూడా చదువుతూ కూర్చునేవాడట. గదిలో సగం మందిది అదే కథ. నాన్న పక్కనే కూర్చుని, చడ్డీ వేసుకున్న కండలవాళ్లను గంటసేపు చూసినా ఎవరూ ఏమీ అనని కార్యక్రమం అప్పట్లో అదొక్కటే!

గోల్డస్ట్ అనే రెజ్లర్ పాత్ర పాత ఎపిసోడ్లు పెట్టిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. 1995లో వచ్చిన ఆ పాత్రకి బంగారు సూటు, మొహం నిండా రంగు. ప్రత్యర్థిని నిమిరి రెచ్చగొట్టడం అతని ఎత్తు, జనం అసహ్యించుకోవడం కంపెనీ లెక్క. వేసిన డస్టిన్ రోడ్స్ గే కాదు. ఇంట్లో అన్నదమ్ములతో కలిసి తామూ అతన్ని తిట్టామని, ఎక్కడ అనుమానం వస్తుందోనని కాస్త గట్టిగానే తిట్టామని కొందరు చెప్పారు.

2002 సెప్టెంబర్ నాటి, గే జంటగా చూపించిన రెజ్లర్లు బిల్లీ, చక్‌ల 'పెళ్లి' మీద గొడవే అయింది. చివరి నిమిషంలో వాళ్లు మేం గే కాదు, ఇదంతా పబ్లిసిటీ కోసం అంటారు. మద్దతిచ్చిన గ్లాడ్ అనే అమెరికా ఎల్‌జీబీటీ సంస్థ తమని మోసం చేశారంది. కామెడీగా చూడాలని కుర్రవాళ్లు, అవమానమని పెద్దవాళ్లు. నేను పెద్దవాళ్ల పక్షం.

పాతతరం రెజ్లర్ ప్యాట్ ప్యాటర్సన్ మీద చర్చ అన్నిటికన్నా బాగా జరిగింది. 1979లో మొదటి ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్. ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగే రాయల్ రంబుల్ పోటీ ఆలోచన ఆయనదే. సహచరుడు లూయీతో దశాబ్దాలు కలిసి బతికారు, ఆ సంగతి తెర వెనక అందరికీ తెలుసు. తెర మీద చెప్పుకున్నది మాత్రం 2014లో, డెబ్భై దాటాక. అప్పటికి లూయీ లేరు. అది విని, చుట్టాలు ఇప్పటికీ తన భాగస్వామిని 'రూమ్మేట్' అనే పిలుస్తారని మన పెద్దాయన ఒకరు అన్నారు. ఆ రాత్రి మ్యాచ్ పెట్టనేలేదు.

కుర్రవాళ్లకి రెజ్లర్ ఆంథనీ బోవెన్స్ ఇష్టం. 2023లో ఏఈడబ్ల్యూ అనే మరో రెజ్లింగ్ కంపెనీ రింగులో అతను "నేను గే" అంటే, జనం "హీ ఈజ్ గే" అని సంబరంగా అరిచారు. ఆ ముక్కని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి వేయించారో!

అన్నట్టు, ఆ 2023లోనే సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియానికి రెజ్లర్ జాన్ సీనా వచ్చినప్పుడు మనవాళ్లు కొందరు వెళ్లారట, ఒకరికొకరు తెలియకుండా.

వచ్చే ఏడాదికి చిన్న హాలు కావాలి. అరుపులకి పక్కింటివాళ్లు రెండోసారి తలుపు కొట్టారు. సౌండ్ బయటికి వెళ్లని చోటు తెలిస్తే చెప్పండి. ఫొటోలు తీయకూడదన్న నియమం అక్కడా ఉంటుంది. చందా బాకీ ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు కట్టగలరు.

– కార్యదర్శి