పత్తి తేమను బడిలో పాఠం చేయండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. "మాయిశ్చర్ (తేమ) ఎక్కువుంది" అన్న ఒక్క మాటతో మా దగ్గర కొనుగోలు కేంద్రం నుంచి పత్తి లోడు వెనక్కి తిరిగిపోతుంది. ఆ రైతు బిడ్డ బడిలో బాష్పీభవనం, విద్యుత్ నిరోధం, శాతాలు అన్నీ చదువుతున్నా అక్కడి తేమ మీటరు ఏం కొలిచిందో చెప్పలేడు. ఉమ్మడి వరంగల్ ఉన్నత పాఠశాలల్లో 9వ తరగతికి పత్తి తేమను ప్రాజెక్టుగా పెట్టాలని మా విన్నపం.

పత్తి బోరెం (పెద్ద సంచి) పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి నమూనాలు తీసి, వెంటనే పాలిథిన్ కవర్లలో గట్టిగా కట్టాలి. ఆలస్యమైతే దూది గాలిలో తేమ పీలుస్తుంది, లేదా ఉన్నది వదిలేస్తుంది. ఒక్కోటి 100 గ్రాములు తూచి, ఉపాధ్యాయుడి ఎదుటే 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టాలి. మూత డబ్బాలో చల్లార్చాకే మళ్లీ తూచాలి. ఎండలో ఆరబెడితే నీరంతా పోదు, తేమ తక్కువగా తేలుతుంది.

88 గ్రాములు మిగిలిందనుకోండి. పోయిన 12ను తొలి బరువుతో భాగిస్తే 12 శాతం, ఎండిన బరువుతో భాగిస్తే 13.6. మద్దతు ధరకు పత్తి కొనే భారత పత్తి సంస్థ (సీసీఐ) హద్దు 12 శాతం, అంతకు మించితే కొనదు. మీటరు ఏ లెక్కన చూపుతోందో పిల్లలు అడగగలగాలి. దూదిని గట్టిగా అదిమితే విద్యుత్ నిరోధం తగ్గి మీటరు అంకె పెరుగుతుందనీ చూడాలి.

ఇక ధర. 2025-26లో పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, తేమ 8 శాతం దాటితే ఒక్కో శాతానికి 81.10 రూపాయల కోత. ఆ లెక్కన 12 శాతం తేమ ఉన్న క్వింటాలుకు 7,785.60 వస్తుంది. దాన్నే 8 శాతానికి ఆరబెడితే 95.65 కిలోలే మిగిలి, సుమారు 7,757 వస్తుంది. కోత దాదాపు నీటి బరువుకే పోతోందన్నమాట. అసలు దెబ్బ 12 దాటాకే, సరుకు వ్యాపారి చెప్పిన రేటుకు పోయినప్పుడే.

మరి తేమ పెరుగుతుందని తెలిసినా పత్తిని మంచు ఆరకముందే ఎందుకు ఏరుతున్నారు? కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లకు ఎండ ముదరకముందే పని సాగాలి. తేమ ఉంటే తూకమూ పెరుగుతుంది. రైతు పిల్లలు, కూలీల పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటారు కాబట్టి ఉపాధ్యాయుడు ఎవరి తరఫునా తీర్పు చెప్పొద్దు. ఇద్దరి నష్టాన్నీ అంకెల్లో రాయించాలి.

మండలానికి ఒక ఓవెన్, బడికి 0.1 గ్రాము చూపే కాంటా, కొనుగోలు కేంద్రంలో మీటరును చూసేందుకు ఒకరోజు అనుమతి ఇప్పించండి. ప్రాజెక్టు మార్కులు దీనికే కేటాయించండి. ఉత్తర్వులు సెప్టెంబరులోపు వస్తే అక్టోబరు పత్తికి అందుకుంటాం.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లా సైన్సు ఉపాధ్యాయులు కొందరు