“కొత్త నక్షత్రం” గురించి తల్లిదండ్రులకు ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ వారమంతా మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న వార్త నిజం కాదు. మన పిల్లలు కొత్త నక్షత్రాన్ని కనిపెట్టలేదు. దొరికిందనుకున్నదాన్ని వాళ్లే పరీక్షించి, కొత్తది కాదని కొట్టేశారు. నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ కొట్టివేతే.

వాళ్లు వెతికేది జంట తారల కోసం. ఒకటి శ్వేత కుబ్జ తార: భూమంత సైజు, సూర్యుడికి కాస్త తక్కువ బరువు. రెండోది సాధారణంగా చిన్న ఎర్ర నక్షత్రం. చాలా జంటలు గంటన్నర నుంచి పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాయి. అంత దగ్గరలో ఎర్రదాని వాయువు కుబ్జ తార వైపు జారి, దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతుంది. పళ్లెం ఉన్నట్టుండి వేడెక్కితే తార భగ్గుమంటుంది. 1896లో దొరికిన ఎస్‌ఎస్ సిగ్నీ అనే ఇలాంటి జంట సుమారు ఏడెనిమిది వారాలకోసారి 12వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ) నుంచి 8 దాకా వస్తుంది, అంటే నలభై రెట్ల వెలుగు.

పిల్లలు వాడే వెలుగు కొలతలు కాలిఫోర్నియాలోని పాలోమార్ 48 అంగుళాల టెలిస్కోపువి, ఆకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీసే జడ్‌టీఎఫ్ సర్వేలో ఉచితంగా దొరుకుతాయి. (మన హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ టెలిస్కోపూ 48 అంగుళాలదే.) తార స్థానానికి రెండు ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) లోపు కొలతలే తీసుకోవాలి, లేకపోతే పక్క తార వెలుగు కలుస్తుంది. లోపం ఉందని గుర్తు పెట్టిన వరసలు తీసేయాలి. ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్ల కొలతలను గ్రాఫు మీద విడివిడిగా గీయాలి. కలిపితే రంగు తేడాయే వెలుగు మార్పులా కనబడుతుంది. పీరియడ్, అంటే ఒక చుట్టుకు పట్టే సమయం, సరిగ్గా ఆరు గంటలో ఎనిమిది గంటలో వస్తే అనుమానించాలి. టెలిస్కోపు చూసేది రాత్రుళ్లే కాబట్టి ఆ లయ చాలాసార్లు మన గడియారానిదే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, కొత్త తార దొరికిందని అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడే, ఏఏవీఎస్‌ఓ అనే తారా పరిశీలకుల సంఘం వారి వీఎస్‌ఎక్స్ (వెలుగు మారే తారల) జాబితా తెరిచి ఆ తార ఎప్పుడో నమోదైందని చూపించింది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఇంకో తారకు కంప్యూటరిచ్చిన గంటా యాభై అయిదు నిమిషాల పీరియడ్‌ను ఒప్పుకోలేదు. గ్రాఫు పేపరు మీద చేత్తో గీస్తే, వెలుగు తగ్గిన చోట పడే లోయల్లో ఒకటి విడిచి ఒకటి లోతుగా ఉంది. అసలు పీరియడ్ దానికి రెట్టింపు, మూడు గంటల యాభై నిమిషాలు!

అందుకే అడుగుతున్నాను, గ్రాఫు పుస్తకం కొనండి. ఒక్కో చుక్కనూ చేత్తో పెట్టిన పిల్లకు ఏ చుక్క దారి తప్పిందో, ఎక్కడ కొలత లేదో, ఎర్రర్ బార్ (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే గీత) ఎందుకంత పొడుగుందో కళ్లకు తెలుస్తుంది. స్క్రీన్ మీద క్షణంలో వచ్చే గీత ముందు ఎవరూ ఆగరు. కోచింగ్ క్లాసులో ఇది నేర్పరు, నేర్పే తీరికా వాళ్లకు లేదు.

కోఠీలో కొన్న అచ్చు చార్టులు ప్రాజెక్టుగా పంపుతున్న వారికి కృతజ్ఞతలు. ముద్రణ చాలా బాగుంది. కొన్ని నోట్సుల్లో నాన్నగారి దస్తూరీ కూడా గుర్తుపట్టగలుగుతున్నాం. మొదటి పీరియడ్‌లో నిద్రపోయే పిల్లలు మాత్రం “నక్షత్రాల పని వల్లే” అంటున్నారట. ఆ పని సాయంత్రం అయిదున్నరకే ముగుస్తోంది. ఆ తర్వాత ఫోను ఎవరి చేతిలో ఉందో దయచేసి చూడండి.

దసరా సెలవులు, బస్సు ఫీజు, యూనిట్ టెస్టు తేదీలు డైరీలో అంటించాం.

మన పిల్లల జాబితాలో పరీక్షించాల్సిన తారలు ఇంకా రెండున్నాయి. వాటి వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) తీయాలంటే పెద్ద టెలిస్కోపు కావాలి. అందులో హైడ్రోజన్ గీతలు రెండు శిఖరాలుగా చీలి కనబడితే పళ్లెం ఉందనడానికి గట్టి ఆధారం. అప్పటిదాకా దేన్నీ ఫార్వర్డ్ చేయకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు