కదలని కెమెరా, కదిలే రోజు

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని కోప్పడకు. పది రోజులుగా ఒక ఫోటో నన్ను వదలడం లేదు. దాని సంగతి నీకు చెప్పాల్సిందే.

స్టీఫెన్ విల్క్స్ అని అమెరికా ఫోటోగ్రాఫర్. ఒకే చోటి పగలునీ రాత్రినీ ఒక్క ఫోటోలో చూపిస్తాడు. 2009లో న్యూయార్క్‌లోని హై లైన్‌తో ఈ పని మొదలుపెట్టాడు. పాత రైలు వంతెన మీద కట్టిన పార్కు అది. ఎత్తున కెమెరా బిగించాడంటే ఇక అంగుళం కూడా కదపడు. పగలూ రాత్రీ తీస్తూనే ఉంటాడు. తర్వాత మంచి క్షణాలు ఏరి, ఒక్క ఫోటోగా కలుపుతాడు. ఈ చివర పొద్దు పొడుస్తుంటే ఆ చివర దీపాలు వెలుగుతుంటాయి. పొద్దున నడిచినవాళ్లూ రాత్రి నడిచినవాళ్లూ ఒకే దారిలో కనిపిస్తారు. అసలు ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడి ఉండరు!

నన్ను పట్టుకున్నది మాత్రం టాంజానియాలోని సెరెంగెటి గడ్డి మైదానాల్లో తీసిన ఫోటో. అందులో ఉన్నది జనం కాదు, జంతువులు. అయినా అది ఊరుమ్మడి చెరువులాంటిదే కదా. కరువులో మిగిలిన నీటి మడుగు. 18 అడుగుల ఎత్తున మంచె మీద 26 గంటలు కూర్చుని 2,200 ఫోటోలు తీశాడు. ఏనుగులు, జీబ్రాలు ఒకదాన్నొకటి అదిలించకుండా వచ్చి నీళ్లు తాగి వెళ్లాయట. ఒక్క క్లిక్‌లో ఏనుగు దొరుకుతుందేమో గానీ, ఆ మర్యాద దొరకదురా. దానికి రోజంతా కూర్చోవాలి.

ఆయనకంటే ముందే డేవిడ్ హాక్నీ అనే బ్రిటిష్ చిత్రకారుడు 1986 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఎడారిలోని ఓ రోడ్డు కూడలిని ఏడు వందలకు పైగా ఫోటోలు తీసి పక్కపక్కనే అతికించాడు. స్టాప్ బోర్డు కోసం నిచ్చెన కూడా ఎక్కాడు. అతుకులు దాచలేదు. నాకు ఆ అతుకులే ఎక్కువ ఇష్టం. ప్రతి ముక్క దగ్గరా ఒక మనిషి ఆగి చూశాడని తెలుస్తుంది. విల్క్స్ ఫోటోలు ఒక్కోసారి మరీ నున్నగా అనిపిస్తాయి.

మొన్న మేడ మీద నేనూ ప్రయత్నించాను. ఫోన్ పిట్టగోడకి ఆనించి గంటకోసారి తీశాను. మధ్యలో గాలికి కాస్త జరిగింది, అంతే, ఏ ముక్కా ఇంకోదానితో కలవలేదు. ఎంత బాధేసిందో!

మన బుధవారం సంతని అలా తీయాలనుంది. చీకటితో దిగే బళ్లు, మధ్యాహ్నం గోనెపట్టా నీడన కునుకు తీసే ముసలమ్మలు, సాయంత్రం మిగిలిన టమాటాలు ఏరుకునే ఆవులు, అన్నీ ఒకే ఫోటోలో. మీ బాబాయి మేడ మీంచి సంతంతా కనిపిస్తుంది. ఒకమాట ఆయన్ని అడిగిపెట్టు. పండక్కి వచ్చేటప్పుడు నీ ట్రైపాడ్ మర్చిపోకు. పులిహోర, మజ్జిగ నేను తెస్తాను.

నీ
రాంబాబు