ఏఎన్ఏ పాజిటివ్ అంటే లూపస్ అని కాదు

సంపాదకుల వారికి,

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో చక్కెర, థైరాయిడ్ పరీక్షల సరసన ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాలకు వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలు), రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం అనుమానంతో చూసే యాంటీబాడీ) పరీక్షలు కూడా చేరిపోతున్నాయి. ఏ బాధా లేని మనిషి కూడా రిపోర్టులో ‘పాజిటివ్’ అన్న ఒక్క మాట చూసి, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) వచ్చిందేమోనని నెలల తరబడి కుంగిపోతున్నాడు.

1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షిస్తే, 1:40 పలుచన (రక్తపు సీరంను 40 రెట్లు పలచబరచడం; ఎంత పలచబరిచినా కనిపిస్తే అంత బలమైన పాజిటివ్) దగ్గర 31.7 శాతం మందికి, 1:80 దగ్గర 13.3 శాతం మందికి, 1:160 దగ్గర కూడా 5 శాతం మందికి ఏఎన్ఏ కనిపించింది. కాబట్టి ఎంత పలుచన దగ్గర పాజిటివ్ వచ్చిందో చెప్పని రిపోర్టు సగం రిపోర్టే.

యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లవాత వైద్యం) సంఘాలు 2019లో ఉమ్మడిగా ప్రకటించిన లూపస్ వర్గీకరణ ప్రమాణాల్లో 1:80 ఏఎన్ఏ గుమ్మం మాత్రమే. ఆ గుమ్మం దాటాక కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, రక్తకణాలు వంటి వాటికి విడివిడిగా పాయింట్లు వేసి, మొత్తం 10కి చేరితేనే లూపస్‌గా లెక్కిస్తారు. ఈ జబ్బుకు బాగా ప్రత్యేకమైన యాంటీ డీఎస్‌డీఎన్ఏ, యాంటీ ఎస్ఎం యాంటీబాడీలకు సైతం దక్కేవి 6 పాయింట్లే. పైగా శరీరంలో కనిపించే లక్షణం కనీసం ఒక్కటైనా ఉండి తీరాలి. అసలు ఈ ప్రమాణాలు పరిశోధనల కోసం ఒకే తీరు రోగులను ఎంచడానికి తయారైనవి. ఎదుట కూర్చున్న రోగికి జబ్బు నిర్ధారించేది వైద్యుడి పరిశీలనే తప్ప పాయింట్ల పట్టిక కాదు.

రుమటాయిడ్ ఫ్యాక్టర్ సంగతీ ఇంతే. హెపటైటిస్ సి, దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్లు, వట్టి వయసు పైబడటం వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతానికే చూసే మరో యాంటీబాడీ పరీక్ష యాంటీ సీసీపీ అంతకంటే నమ్మదగినదే గానీ, ఆ రెండూ నెగటివ్ వచ్చినా రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారు ఉంటారు. పొద్దున్నే గంటల కొద్దీ కీళ్లు బిగుసుకుపోయి వాపుతో బాధపడే మనిషిని ‘రిపోర్టు బాగానే ఉంది’ అని ఇంటికి పంపేయడం, నా దృష్టిలో, అనవసరపు పరీక్ష కంటే పెద్ద తప్పు.

లక్షణాలు లేనివారి ప్యాకేజీల నుంచి ఈ పరీక్షలను తొలగించాలి. వైద్యుడు అడిగి చేయించినప్పుడు ల్యాబులు పరీక్ష చేసిన పద్ధతి, ఏ పలుచన దాకా పాజిటివ్ వచ్చిందన్న అంకె, మైక్రోస్కోపు కింద ఏఎన్ఏ కనిపించిన తీరు (ప్యాటర్న్), ఈ మూడింటినీ రిపోర్టులో తప్పక ముద్రించాలి. ఆరోగ్య శాఖ దీన్ని నిబంధనగా పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు