కుక్కర్ పేలాకే కదులుతారా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆన్‌లైన్‌లో కొన్న కుక్కర్ మూత రెండో విజిల్‌కే ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది. పప్పంతా గోడల మీదే. నయం, ఆ క్షణాన మా ఆవిడ పెరట్లో ఉంది. అడుగు తిరగేసి చూస్తే ఐఎస్ఐ గుర్తే లేదు. 2021 ఫిబ్రవరి నుంచి ఆ గుర్తు లేని కుక్కర్లు అమ్మకూడదు కదా! అమ్మినవాళ్లు డబ్బు వాపసిచ్చి చేతులు దులుపుకున్నారు. మరి అదే సరుకు కొన్న మిగతావాళ్ల సంగతేంటి?

2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి కుక్కర్ల విషయంలోనే కొన్ని ఆన్‌లైన్ సంస్థలకు జరిమానా వేసి, కొన్నవాళ్లకు కబురు చేసి సరుకు వెనక్కి తీసుకోమంది. బాగుంది. కానీ అది ఎవరో పసిగట్టాక జరిగే పని. అమెరికాలో ప్రమాదకరమైన లోపం తెలిసిన 24 గంటల్లో కంపెనీయే ప్రభుత్వానికి చెప్పుకోవాలి. మన చట్టంలోనూ ఆ గడువు రాయండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం