అవ్వ గుండె డాక్టర్ సంగతి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్త్,

మొన్న ఫోన్‌లో మీ అవ్వ ఛాతీ నొప్పి సంగతి వచ్చేసరికి నువ్వు గొంతు పూడుకుపోయి మాట్లాడలేకపోయినవు. నాకూ మాట రాలేదు. "నేను చూసుకుంటా, నువ్వు టెన్షన్ పడకు" అని పెట్టేశాను గానీ, ఏం చూసుకున్నానో, ఎవరికి చూపించానో నీకు వివరంగా తెలియాలి కదా. ఇది ఐదు నిమిషాల్లో తేలే ముచ్చట కాదు. అందుకే కాగితం మీద రాస్తున్నా. ఫోటో తీసి పంపుతాను, డ్యూటీ అయినాక రూములో కూచుని తీరిగ్గా చదువు.

ముందు చెప్పాల్సింది: అవ్వ బాగుంది. రెండు రోజులుగా మా ఇంట్లోనే ఉంది. పొద్దున మా చిన్నదానికి జడ కూడా వేసింది.

పోయిన నెల మిర్చి ఏరబోయినప్పుడు రెండు సాళ్ళు దాటగానే ఛాతీ మీద బండ పెట్టినట్టు అయి గట్టు మీద కూచుందట. కూచుంటే తగ్గింది, లేస్తే మళ్ళీ మొదలు. గ్యాస్ అనుకుని సోడా తాగింది. అట్లా నాలుగు రోజులు గడిచినాక గానీ మీ అక్కకు చెప్పలేదు. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి గుండెదే అయ్యే అవకాశం ఎక్కువని మా బాపు విషయంలో నేర్చుకున్నా కాబట్టి, మీ అక్క ఫోన్ చేసిన రోజే పరకాల నుంచి తీసుకొచ్చేయమన్నా.

ఇక ఎవరి దగ్గరికి పోవాలి? నక్కలగుట్ట, బాలసముద్రం, హంటర్ రోడ్డు వైపు తిరిగితే అడుగడుగునా గుండె బొమ్మ వేసిన బోర్డులే. మీ ఊరి ఆర్‌ఎంపీ ఒక పేరు చెప్పాడు, మా పక్కింటాయన ఇంకొకటి, మెడికల్ షాపు అన్న మూడోది. ముగ్గురూ "చాలా పెద్ద డాక్టర్" అనే అన్నారు. పెద్ద అంటే ఏమిటో ఈసారి నేనే చూసుకోవాలనుకున్నా. ఎందుకంటే బాపు సంగతి నీకు సగమే తెలుసు. నువ్వు మస్కట్ పోయిన ఏడాదే అది. అప్పుడు నీకు అంతా చెప్పి బాధ పెట్టడం ఇష్టం లేకపోయింది.

ఆ రాత్రి 11 దాటాక బాపుకు చెమటలు పట్టాయి. ఎడమ దవడ లాగుతోందన్నాడు. ఆటోలో వేసుకుని దగ్గరున్న ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకుపోయాం. బయట అద్దాల బోర్డు మీద ఆరుగురు డాక్టర్ల పేర్లు, ఒక్కో పేరు కింద రెండు వరుసల డిగ్రీలు. లోపల మాత్రం ఒక్క డ్యూటీ డాక్టర్ ఉన్నాడు. చిన్న పిల్లవాడు, ఎంబీబీఎస్ అప్పుడే అయినట్టుంది. ఈసీజీ తీసి, చూసి, "ఇది పెద్ద అటాక్ అంకుల్" అన్నాడు. ఆ పిల్లవాడిని నేను తప్పు పట్టను, చెప్పాల్సింది సరిగ్గానే చెప్పాడు. గుండె సార్ ఏరి అంటే, హైదరాబాద్ నుంచి ఆదివారం ఆదివారం వస్తారన్నారు. అది బుధవారం. ఆయనకు ఫోన్ కలపడానికే గంట గడిచింది. మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే స్ప్రింగు లాంటి స్టెంట్ వేసే గది, క్యాథ్ ల్యాబ్, ఉంది గానీ నడిపేవాళ్ళు ఇంటికి పోయారు. చివరికి రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ చేసి అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. అక్కడ రక్తనాళం తెరిచేసరికి తెల్లారుతోంది.

రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం మళ్ళీ పుట్టదురా. బాపు గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది 55 పైన ఉంటుంది. ఆ తరువాత మూడేళ్ళు బతికాడు, కానీ మన భద్రకాళి గుడికి ఒక్కసారి కూడా నడిచి పోలేకపోయాడు. ఆ బోర్డు నాకు ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతుంది. దాని మీద సార్ ఏం చదివాడో రాసుంది, ఏ రోజు ఉంటాడో రాసి లేదు.

అందుకని ఈసారి రెండూ పట్టుకుని తిరిగాను: సార్ ఏం చదివాడు, ఏ ఆసుపత్రిలో ఎంతసేపు ఉంటాడు.

చదువు సంగతి మనం అనుకున్నంత గందరగోళమేం కాదు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, దాని మీద ఒక ఏడాది హౌస్ సర్జన్. ఆ తరువాత ఎండీ జనరల్ మెడిసిన్ 3 ఏళ్ళు. ఆ పైన డీఎం కార్డియాలజీ ఇంకో 3 ఏళ్ళు. ఒక్క ఏడాది పోకుండా చదివినా పదకొండున్నరేళ్ళ పని. బోర్డు మీద మనం వెతకాల్సింది ఆ డీఎం అనే రెండక్షరాలు. దాని బదులు కార్డియాలజీలో డీఎన్‌బీ ఉన్నా సమానమే, ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. ఒట్టి ఎండీ ఉన్నాయనకు గుండె తెలియదని కాదు. బీపీ, షుగర్, ఛాతీ నొప్పి మొదట చూసేది ఆయనే, చాలా ఊళ్ళల్లో ఆయనే దిక్కు. కానీ మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గుండె నాళాల దాకా పోయే పనికి డీఎం చదివినాయనే కావాలి. ఎంఎస్ తరువాత ఎంసీహెచ్ ఉంటే ఆయన సర్జన్, బైపాస్ చేసేది ఆయన. మీ బావ ఇద్దరూ ఒకటే అనుకుని, "ఆపరేషన్ డాక్టర్ దగ్గరికే డైరెక్టుగా పోదాం" అని పట్టుబట్టాడు. నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

కొందరి పేరు చివర ఎఫ్‌ఏసీసీ, ఎఫ్‌ఈఎస్‌సీ అని ఉంటుంది. అమెరికా, యూరప్ గుండె వైద్య సంఘాలు చదువు, అనుభవం, తోటి వైద్యుల సిఫారసు చూసి ఇచ్చే గుర్తింపు అది. మంచిదే, తక్కువ చేయను. కానీ డీఎం లేనిచోట అది డీఎం అయిపోదు.

ఇంకొకటి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. డాక్టర్ రాసిచ్చే చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ వేయాలని 2002 నుంచి నియమం ఉంది. మన దగ్గర పాత డాక్టర్లది ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నంబర్, రాష్ట్రం వచ్చినాక చేరినవాళ్ళది తెలంగాణ కౌన్సిల్ నంబర్. నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో ఆ నంబర్ కొడితే ఆయన ఎప్పుడు, ఏ యూనివర్సిటీ నుంచి పాసయ్యాడో కనిపిస్తుంది. మెడికల్ షాపు అన్న చెప్పిన డాక్టర్ చీటీ ఒకటి సంపాదించి అట్లనే చూశా. పేరు, ఏడాది అన్నీ సరిపోయాయి. ఎంబీబీఎస్ మన కాకతీయ మెడికల్ కాలేజీలోనే, ఎండీ ఉస్మానియాలో, డీఎం నిమ్స్‌లో. డీఎం అయి ఇరవై ఏళ్ళు దాటింది. 1959లో పెట్టిన మన కాలేజీలో చదివి, ఎంజీఎంలో హౌస్ సర్జన్‌గా పల్లెల జనాన్ని చూసినాయన అనేసరికి నాకు సగం ధైర్యం వచ్చింది.

మిగతా సగం కోసం ఒక్కడినే ముందు రోజు ఆయన పనిచేసే ఆసుపత్రికి పోయి రిసెప్షన్‌లో కూచున్నా. సార్ ఇక్కడ ఫుల్ టైమా, వచ్చిపోయే కన్సల్టెంటా? రాత్రి రెండు గంటలకు అటాక్ అని వస్తే క్యాథ్ ల్యాబ్ తెరుస్తారా, ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు? సారు ఊళ్ళో లేకుంటే ఎవరు? స్టెంట్ వేస్తుండగా తేడా వస్తే సర్జన్ ఇక్కడే ఉంటాడా? అడుగుతుంటే మొదట నాకే మొహమాటం వేసింది. వెనుక నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. బాపు గుర్తొచ్చి మొహమాటం పోయింది. ఆ అమ్మాయి కూడా విసుక్కోలేదు, లోపలికి పోయి కనుక్కొచ్చింది. ముగ్గురు గుండె డాక్టర్లు వంతులవారీగా ఉంటారు. మన సారు ఫుల్ టైమ్, హైదరాబాద్‌లో ఇంకెక్కడా కూచోడు. వంతు ఉన్న డాక్టర్, టెక్నీషియన్ అరగంటలోపు వస్తారు. గుండె ఆపరేషన్ చేసే సీటీ సర్జన్ ఉన్నాడు. ఆరోగ్యశ్రీ ఉంది.

ఆ అరగంట ఎందుకు పట్టుకున్నానంటే, పెద్ద అటాక్‌లో ఆసుపత్రి గడప తొక్కినప్పటి నుంచి 90 నిమిషాల్లో నాళం తెరవాలని డాక్టర్ల లెక్క. పరకాల నుంచి హనుమకొండకే గంట. హైదరాబాద్ పోవాలంటే ఇంకో రెండున్నర, మూడు గంటలు. అక్కడ ఎంత గొప్ప డాక్టర్ ఉన్నా ఆ రాత్రి అవ్వకు అందడు.

శుక్రవారం చూపించాం. టోకెన్ 23. లోపలికి పోగానే సారు కాగితాలు అడగలేదు, "కూచో అవ్వా, ఏ ఊరు?" అన్నాడు. నొప్పి ఎక్కడ అంటే అవ్వ వేలు పెట్టలేదు, పిడికిలి బిగించి ఛాతీ నడుమ పెట్టింది. సారు నా వైపు చూసి తల ఊపాడు. తరువాత వంగి, చీర అంచు కొంచెం జరిపి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టి వదిలాడు. కాళ్ళకు నీరు చేరి గుంట పడుతుందేమో అని చూశాడంట, పడలేదు. నీళ్ళ బిందె ఎంత దూరం మోస్తవు, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటవు అని అడిగాడు. అవ్వ "ఒకటే దిండు బిడ్డా, అదీ మా మనుమడు గుంజుకుంటడు" అంది. అంతసేపూ బిగుసుకుని ఉన్న మనిషి అప్పుడు కొంచెం తేలికపడింది.

ఈసీజీలో కొంచెం మార్పులున్నాయి. టూడీ ఎకో అనే గుండె స్కానింగ్‌లో పంపింగ్ 50 శాతం, పెద్దగా దెబ్బ తినలేదు. మోకాళ్ళ వల్ల ట్రెడ్‌మిల్ పరీక్ష కుదరదన్నాడు. ఈసీజీ కాగితం వెనుక మూడు నాళాలు గీసి, "వీటిలో ఎక్కడో ఇరుకుంది, ఎంతనో ఆంజియోగ్రామ్ చేస్తే తెలుస్తుంది" అన్నాడు. సన్నటి గొట్టం పంపి నాళాల బొమ్మ తీసే పరీక్ష అది. వచ్చే గురువారం చేద్దామన్నాడు. మందులతో సరిపోతే మందులే, స్టెంట్ అవసరమైతే స్టెంట్, మూడూ మూసుకుపోయి ఉంటే సర్జన్‌తో కూచుని మాట్లాడుకుందామన్నాడు. నేను అడగకముందే ఇంకో మాటన్నాడు: "సీడీ మీకే ఇస్తాం, నిమ్స్‌లోనో ఇంకెక్కడనో చూపించుకోవాలంటే చూపించుకోండి." ఆ మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఆస్పిరిన్, కొలెస్టరాల్ గోలీ, బీపీ గోలీ మొదలుపెట్టాం. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే గోలీ అవ్వ కొంగుకు కట్టించా. కూచున్నాకే పెట్టుకోవాలి, బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. తగ్గకుంటే వెంటనే 108. ఇది మీ అక్కకు రెండుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకున్నా.

అవ్వకు భయం స్టెంట్ గురించే. "గుండెలో ఇనుప స్ప్రింగు పెడ్తరట" అని రాత్రంతా దొర్లింది. అబ్దుల్ కలాం గారు, హైదరాబాద్ గుండె డాక్టర్ సోమరాజు గారు కలిసి 1990లలోనే మన దేశపు స్టెంట్ తయారుచేశారని చెప్పా. రాకెట్లాయన పేరు వినగానే "గాయన చేసిండా!" అని ఊరుకుంది. ఇప్పుడు వేసేవి వేరే రకం అనుకో, ఆ వివరం అప్పుడు అవసరం అనిపించలేదు.

డబ్బు గురించి నువ్వు అప్పు చేయకు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది, అంతకుముందు లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్ 29,600కు దిగింది. ఆ తరువాత కొంత పెరిగింది గానీ పాత ధరలైతే లేవు. బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ పేరు విడిగా రాయాలి, అది నేను అడిగి తీసుకుంటా. అసలు ఆరోగ్యశ్రీలో అయితే ఆ లెక్కే రాదు. 2023 డిసెంబర్‌లో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంది, నేను మాట్లాడాను. అవ్వ ఆధార్, రేషన్ కార్డు తెమ్మన్నారు.

ఆధార్ నా దగ్గరే ఉంది. రేషన్ కార్డు నీ పాస్‌పోర్ట్ కాగితాలతో పాటు ఆకుపచ్చ రేకు పెట్టెలో పెట్టి తాళం వేసి పోయినవట. తాళం చెవి ఎక్కడ పెట్టినవో అవ్వకూ తెలియదు, అక్కకూ తెలియదు. రేపు పొద్దున డ్యూటీకి పోయేముందు ఫోన్ చేసి చెప్పు. దొరకదంటే తాళం పగలగొట్టిస్తా, బుధవారం లోపల కార్డు నా చేతిలో ఉండాలి. గురువారం పొద్దున 7 గంటలకు అవ్వను లోపలికి తీసుకుపోతారు. అప్పుడు నీకు ఐదున్నర అవుతుంది. లేచి ఉండు, లోపలికి పోయేముందు వీడియో కాల్ చేసి మాట్లాడిస్తా.

నీ దోస్త్